టెలిఫోటో లెన్స్ ముందు గాజును శుభ్రం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దూరంలోని వాటిని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్ కొన్న కొత్తలో అందరినీ కలవరపెట్టేది దాని ముందు గాజే. అది అరచేయంత ఉంటుంది కనుక చిన్న మచ్చ పడినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కనిపించగానే చేయి గుడ్డను వెతుక్కుంటుంది. లెన్సుకు దుమ్ము చేసే హాని కన్నా ఆ గుడ్డ చేసే హాని ఎక్కువ. కింది సమాధానాలలో చాలా భాగం ఆ చేతిని కాసేపు ఆపడానికి రాసినవే.

ముందు గాజు మీద దుమ్ము కనిపిస్తోంది. ఫోటో తీసే ముందు తుడవాలా?

అక్కరలేదు. నాలుగైదు దుమ్ము రేణువులు ఫోటోలో కనిపించవు. యాభై అడుగుల దూరంలోని కొంగ మీద ఫోకస్ చేసి ఉన్న లెన్సుకు, తన గాజుకే అంటుకుని ఉన్న రేణువు ఏ రూపంలోనూ స్పష్టంగా అందదు. ఆ రేణువు వేసే కాస్త నీడ ఫోటో అంతటా పరచుకుని కలిసిపోతుంది. 150-600 మి.మీ. తరగతి (ఇది ఫోకల్ లెంత్, అంటే లెన్స్ దూరాన్ని ఎంత దగ్గరకు లాగుతుందో చెప్పే అంకె) లెన్సులలో చాలావాటికి ముందు 95 మి.మీ. వెడల్పున్న ఫిల్టర్, అంటే పైన బిగించే అదనపు గాజు, పడుతుంది. అంత గాజు మీద 1 మి.మీ. వెడల్పున్న మచ్చ మూసివేసేది మొత్తం వైశాల్యంలో సుమారు 9,000వ వంతు మాత్రమే. వెలుగును ఎక్కువగా రానిచ్చే 600 మి.మీ. ఎఫ్ 4 లెన్సుకైతే ముందు గాజు దాదాపు 150 మి.మీ. ఉంటుంది కనుక ఆ వంతు ఇంకా చిన్నదవుతుంది.

ఒక సందర్భంలో మాత్రం దుమ్ము తన ఉనికిని చూపిస్తుంది. పక్షి వెనక నీటి మీద ఎండ మెరుస్తున్నప్పుడు, ఫోకస్‌లో లేని ఒక్కో తళుకూ గుండ్రటి బిళ్లలా పడుతుంది. ఆ బిళ్లలను పెద్దవి చేసి చూస్తే వాటిలో చిన్న చిన్న నీడలు కనిపించవచ్చు. అప్పుడు కూడా బ్లోయర్‌తో, అంటే చేత్తో నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డితో, ఊదితే చాలు.

మరి తుడవవలసిన సమయం ఎప్పుడు వచ్చినట్టు?

వేలిముద్ర పడినప్పుడు, నూనె పొర పట్టినప్పుడు, ఉప్పు తుంపర ఎండినప్పుడు, వాన చుక్కలు ఆరి తెల్లటి వలయాలు మిగిలినప్పుడు తుడవాలి. ఇవి దుమ్ములా ఒక చోట ఆగి ఉండవు. పలచటి పొరగా పరచుకుని వెలుగును చెదరగొడతాయి. సూర్యుడు మీ వెనక ఉన్నంతసేపు తేడా తెలియకపోవచ్చు కానీ, ఎదురు వెలుగులో తీసేసరికి నలుపులు బూడిదరంగుకు తిరిగి, ఫోటో మొత్తం పాలు కలిపినట్టు అవుతుంది.

పరీక్ష చాలా సులభం. గదిలో దీపాలు ఆపి, సెల్‌ఫోన్ టార్చిని గాజుకు పక్క నుంచి, బాగా ఏటవాలుగా పట్టండి. విడివిడిగా మెరిసే చుక్కలు దుమ్ము, వాటికి బ్లోయర్ చాలు. ఇంద్రధనుస్సు రంగులతో జిడ్డుగా మెరిసేది నూనె, దానికి ద్రవం కావాలి. ఇంకొక మాట: ఇలా టార్చి వేసి చూస్తే కొత్త లెన్స్ కూడా మురికిగానే కనిపిస్తుంది, కాబట్టి ఈ పరీక్షను రోజూ చేయకండి.

గాజు గట్టిది కదా, గుడ్డతో తుడిస్తే గీతలు ఎలా పడతాయి?

గీత గీసేది గుడ్డ కాదు, గుడ్డకు గాజుకు మధ్య చిక్కుకున్న ఇసుక. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో సాధారణ గాజు 5.5 దగ్గర ఉంటే, మన ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. తెలంగాణ, రాయలసీమ నేలల్లో చాలా భాగం గ్రానైటు రాయి అరిగి ఏర్పడినవి, ఆ రాయిలో క్వార్ట్జ్ పుష్కలంగా ఉంటుంది. అందుకని ఈ ప్రాంతంలో జీపు వెనక లేచే దుమ్మును మెత్తటి పొడిగా భావించకూడదు. గాజు వరకు అది గరుకు కాగితమే.

ఈ సంగతి నాకు పులికాట్‌లో తెలిసింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే దారి సరస్సు మధ్యగా పోతుంది. నీరు తగ్గినప్పుడు రెండు పక్కలా ఆరిన ఉప్పు మట్టి గాలికి లేస్తుంది. రాజహంసలు ఎగరబోతున్నాయన్న తొందరలో, మెడలో ఉన్న నూలు తువ్వాలుతో గాజును రెండు సార్లు గుండ్రంగా తిప్పి తుడిచాను. ఆ సాయంత్రం గదిలో టార్చి వేసి చూస్తే, నా చేయి తిరిగిన దారిలోనే, చంద్రవంకల్లాగా, వెంట్రుక కన్నా సన్నని గీతలు ఐదు ఉన్నాయి. ఊదడానికి పట్టే సమయం పది సెకన్లు. ఆ పది సెకన్లు ఆగి ఉంటే ఆ గీతలు లేవు.

సంచిలో ఏమేం ఉంచుకోవాలి?

రబ్బరు బ్లోయర్ ఒకటి, మెత్తటి వెంట్రుకల బ్రష్షు ఒకటి, విడివిడి కవర్లలో రెండు మూడు మైక్రోఫైబర్ గుడ్డలు, లెన్స్ శుభ్రం చేసే ద్రవం చిన్న సీసా, కొద్దిగా డిస్టిల్డ్ వాటర్. వీటిలో ఒక్కటే కొనగలిగితే బ్లోయర్ కొనండి, అదీ చేతి నిండా పట్టేంత పెద్దది కొనండి, ఎందుకంటే నిమ్మకాయంత బ్లోయర్ నుంచి వచ్చే గాలి 95 మి.మీ. గాజు మీద రేణువును పక్కకు జరుపుతుందే తప్ప బయటకు పంపదు. బ్రష్షు వెంట్రుకలను వేళ్లతో ఎప్పుడూ తాకకండి. చర్మం మీది నూనె వెంట్రుకలకు, వాటి నుంచి గాజుకు చేరుతుంది.

కార్బన్ పొడి అద్దిన దిమ్మ ఉండే లెన్స్ పెన్ను వేలిముద్రలకు బాగా పనిచేస్తుంది కానీ, పెద్ద టెలిఫోటో గాజుకు అది చిన్నది, పైగా ఒక్క ఇసుక రేణువు ఆ దిమ్మలో ఇరుక్కుంటే ప్రతిసారీ అదే గీత గీస్తుంది. తడి గాజు మీద దానిని వాడకూడదు.

మొదటి నుంచి చివరి దాకా శుభ్రం చేసే వరుస చెప్పండి.

ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. ఉంగరాలు, గడియారం, చేతి గాజులు తీసి పక్కన పెట్టండి. హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడ తొడుగు) తీసి, దాని లోపలి వైపు కూడా దులపండి, ఎందుకంటే అక్కడ పేరుకున్న దుమ్మే మరునాడు గాజు మీదకు దిగుతుంది. లెన్స్ క్యాప్ లోపలి వైపుకూ ఇదే వర్తిస్తుంది, దానిని చాలామంది మరిచిపోతారు.

లెన్స్‌ను ట్రైపాడ్ మీద బిగించి, గాజు కాస్త కిందకు చూసేలా వంచండి. బ్లోయర్‌ను మొదట రెండు మూడు సార్లు గాలిలోకి నొక్కితే దాని గొట్టంలోని దుమ్ము పోతుంది. తరువాత గాజుకు రెండు మూడు అంగుళాల దూరంలో, గొట్టం కొన తగలకుండా పట్టుకుని, పది పదిహేను సార్లు గట్టిగా ఊదండి. పైకి చూస్తున్న గాజు మీద ఊదితే లేచిన దుమ్ము మళ్లీ అక్కడే వాలుతుంది. కిందకు చూస్తున్నప్పుడు బయటకు రాలిపోతుంది. ఇంకా ఏమైనా అంటుకుని ఉంటే బ్రష్షును బరువు వేయకుండా, తామరాకు మీద దుమ్ము దులిపినంత తేలికగా నడిపి, మళ్లీ ఊదండి. చాలాసార్లు పని ఇక్కడే పూర్తవుతుంది. పూర్తయితే క్యాప్ పెట్టేయండి.

మరక మిగిలి ఉంటేనే గుడ్డ తీయాలి. మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు వేసి, మీ వేళ్లు తాకని లోపలి మడత పైకి వచ్చేలా పట్టుకోండి. ద్రవాన్ని గుడ్డ మీదే రెండు చుక్కలు వేయండి, గాజు మీద ఎన్నడూ వేయవద్దు. గాజు అంచున దానిని పట్టి ఉంచే రింగు ఉంటుంది. ఎక్కువైన ద్రవం ఆ సందులోకి పాకి, లోపలి గాజు వరకు చేరితే దానిని బయటకు తీయడం సర్వీసు సెంటరు వారి పని అవుతుంది. గాజు మధ్యలో మొదలుపెట్టి, ముగ్గు చుట్టలు తిప్పినట్టు నెమ్మదిగా అంచు వైపు వలయాలుగా రండి. వేలి బరువు తప్ప ఇంకే ఒత్తిడీ ఉండకూడదు. తడి సరిగ్గా సరిపోతే గుడ్డ వెనకాలే పలచటి ఆవిరి గీత కనిపించి, రెండు సెకన్లలో మాయమవుతుంది. చుక్కలుగా నిలిస్తే ద్రవం ఎక్కువైందన్నమాట. అంచు చేరాక గుడ్డ ఎత్తేయండి. అదే మడతతో మళ్లీ మధ్యకు రావద్దు, ఎందుకంటే అంచున పోగైన మురికిని తిరిగి తెచ్చినట్టవుతుంది. కొత్త మడత తిప్పి, అవసరమైతే ఇంకొక్కసారి, చివరగా పొడి గుడ్డతో ఒక్కసారి. వేలిముద్ర మొండిదైతే గట్టిగా రుద్దకుండా, తడి గుడ్డను దాని మీద కొన్ని సెకన్లు ఆనించి ఉంచితే జిడ్డు కరిగి వస్తుంది.

నోటితో ఊదవచ్చా? గాజు మీద ఆవిరి పట్టించి తుడవవచ్చా?

నోటితో ఊదితే గాలితో పాటు ఉమ్మి తుంపర కూడా వెళుతుంది, అది ఆరితే మరకగా నిలుస్తుంది. ఆవిరి పట్టించడం దానికన్నా మేలే కానీ, మొదట బ్లోయర్‌తో ఊది దుమ్ము తీసేసి, చేతిలో ద్రవం లేనప్పుడు మాత్రమే చేయదగిన పని. అలవాటుగా మాత్రం వద్దు.

కంప్యూటర్లకు వాడే గాలి డబ్బాతో ఊదవచ్చా?

వద్దు. డబ్బాను వంచినా, ఊపినా లోపలి వాయువు ద్రవరూపంలో బయటకు చిమ్మి, గాజును ఒక్కసారిగా చల్లబరిచి తెల్లటి మరక వదులుతుంది. సైకిల్ దుకాణంలోని కంప్రెసర్ గాలిలో నూనె, నీరు రెండూ ఉంటాయి, అది ఇంకా ప్రమాదకరం.

ఏ ద్రవం వాడాలి? కళ్లజోడు ద్రవం, కిటికీ అద్దాల ద్రవం, శానిటైజర్ పనికొస్తాయా?

కెమెరా లెన్సుల కోసం తయారైన ద్రవమో, శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలో వాడండి. కిటికీ అద్దాల ద్రవాలలో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది, అది వెలుగు వెనక్కి తిరగకుండా లెన్స్ మీద వేసే పలచటి పూతకు మంచిది కాదు. శానిటైజర్‌లో చేతులు పొడిబారకుండా గ్లిజరిన్ కలుపుతారు. ఆల్కహాల్ ఆవిరైపోయాక ఆ గ్లిజరిన్ గాజు మీద జిడ్డుగా మిగులుతుంది. గోళ్ల రంగు తీసే ద్రవంలోని అసిటోన్ గాజును ఏమీ చేయకపోయినా, లెన్స్ బయటి ప్లాస్టిక్‌ను, రంగును కరిగించేస్తుంది. కళ్లజోడు ద్రవం విషయంలో సీసా మీద పూత ఉన్న అద్దాలకు వాడవచ్చని స్పష్టంగా ఉంటేనే వాడండి.

గుడ్డ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. చొక్కా అంచు, కండువా, చీర కొంగు, టిష్యూ కాగితం, వార్తాపత్రిక ఇవేవీ వద్దు. మైక్రోఫైబర్ గుడ్డను సబ్బు నీళ్లలో విడిగా ఉతికి, నీడన ఆరేయండి. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ మాత్రం తగలనివ్వకండి, దాని జిడ్డు గుడ్డలోనే ఉండిపోతుంది.

లెన్స్ మీది పూత అంత సున్నితమైనదా? తుడిస్తే ఊడిపోతుందా?

నేటి పూతలు గట్టివే, సరైన గుడ్డతో నెమ్మదిగా తుడిస్తే ఊడిపోవు. అయితే అవి ఎంత పలచనో తెలిస్తే చేయి తనంతట తానే తేలికవుతుంది. పూత లేని గాజు తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతాన్ని ఒక్కో ఉపరితలం దగ్గర వెనక్కి తిప్పి పంపుతుంది. లెన్సులో 20 గాజులు విడివిడిగా ఉన్నాయనుకుంటే, 40 ఉపరితలాలు దాటి కెమెరాకు చేరేది ఐదో వంతు వెలుగే. ఆ నష్టాన్ని ఆపడానికి 1935లో జర్మనీలోని జేనా నగరంలో, జైస్ సంస్థలో పనిచేస్తున్న అలెగ్జాండర్ స్మకులా గాజుకు పలచటి పూత పట్టించే పద్ధతికి పేటెంట్ పొందారు. మెగ్నీషియం ఫ్లోరైడ్‌తో వేసే అలాంటి పొర మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో ఏడెనిమిది వందల వంతు. గీత పడితే అది ఈ పొరలను చీల్చుకునే వెళుతుంది, పూతను మళ్లీ ఇంట్లో వేసుకోగలిగే మార్గం లేదు.

ఖరీదైన కొత్త టెలిఫోటోలలో ముందు గాజుకు ఫ్లోరిన్ పూత కూడా ఉంటుంది. దాని మీద నీరు పూసల్లా జారిపోతుంది, వేలిముద్ర తక్కువ శ్రమతో వస్తుంది. ఇసుక నుంచి మాత్రం ఆ పూత కాపాడదు, కనుక ఊదిన తరువాతే తుడవాలన్న వరుస దానికీ మారదు.

సముద్రతీరంలో తీసిన తరువాత ఏం చేయాలి?

ఆ రోజే శుభ్రం చేయాలి, మరునాటికి వాయిదా వేయకూడదు. విశాఖ తీరంలో గానీ, కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో పడవ మీద గానీ గంట సేపు ఉంటే గాజు మీద కంటికి ఆనని ఉప్పు తుంపర చేరుతుంది. అది ఎండితే స్ఫటికాలవుతుంది. పొడి గుడ్డతో రుద్దితే ఆ స్ఫటికాలు గాజు మీద దొర్లుతాయి. ఆల్కహాల్‌లో ఉప్పు సరిగ్గా కరగదు. ఉప్పును కరిగించేది నీరే. కాబట్టి మొదట ఊది, తరువాత డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన గుడ్డను గాజు మీద ఆనించి, ఎత్తి, కొత్త మడతతో మళ్లీ ఆనించి, ఉప్పు పోయిందని నమ్మకం కుదిరాకే లెన్స్ ద్రవంతో తుడవండి. కుళాయి నీరు వాడితే అందులోని లవణాలు మళ్లీ మరకలు పెడతాయి.

బయటి గొట్టాన్ని కూడా తడి గుడ్డతో తుడవండి. జూమ్ చేసినప్పుడు ముందుకు సాగే లెన్సులు వెనక్కి ముడుచుకునేటప్పుడు గొట్టం మీది ఉప్పును, ఇసుకను లోపలికి తీసుకుపోతాయి, అందుకని తుడిచిన తరువాతే ముడవాలి.

జాతరలో పసుపు, హోలీలో రంగులు గాజు మీద పడితే?

తడి తగలనివ్వకండి. పొడిగా ఉన్నంతసేపు రంగు ఊదితే పోతుంది. తడిస్తే ముద్దై అతుక్కుంటుంది. చెమట చేతితో తాకడం కూడా తడి కిందే లెక్క. ఎంత ఊదినా పోని కొద్దిపాటి పసుపును బ్రష్షుతో తీసి, చివరగా ఆల్కహాల్ ద్రవంతో తుడిచి, ఆ గుడ్డను ఇక లెన్సుకు వాడవద్దు.

పక్షి రెట్ట పడింది. గీకవచ్చా?

గీకకూడదు. ఉప్పలపాడులోనో నేలపట్టులోనో గూళ్ల చెట్ల కింద నిలబడే వారికి ఇది తప్పని అనుభవం. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన టిష్యూ ముక్కను దాని మీద రెండు నిమిషాలు పరిచి ఉంచితే మెత్తబడి, టిష్యూతో పాటే పైకి లేస్తుంది. అక్కడ టిష్యూతో రుద్దడం ఉండదు, ఎత్తడమే ఉంటుంది. ఎండనిచ్చే కొద్దీ పూత మీద మచ్చ మిగిలే ప్రమాదం పెరుగుతుంది కనుక ఇంటికి వెళ్లే దాకా ఆగవద్దు.

చెరువు గట్టున మరో శత్రువు దోమల క్రీము. దోమలను దూరం పెట్టే డీట్ అనే రసాయనం ఉన్న క్రీములు ప్లాస్టిక్‌ను, రబ్బరును మెత్తబరుస్తాయి. రాసుకున్న చేతిని కడగకుండా లెన్స్ రింగును గానీ, గాజును గానీ ముట్టుకోకండి.

ఏసీ గది నుంచి బయటకు రాగానే గాజు మసకబారుతోంది. తుడవాలా?

తుడవవద్దు, అది గాలిలోని తేమ చల్లటి గాజు మీద చేరడం వల్ల వచ్చింది. తుడిచినా గాజు వేడెక్కే దాకా మళ్లీ పడుతూనే ఉంటుంది. లెన్స్‌ను సంచిలోనే ఉంచి, జిప్పు తీయకుండా అరగంట బయట పెడితే నెమ్మదిగా వేడెక్కుతుంది. తీరప్రాంతాల్లో తెల్లవారుజామున బయలుదేరేవారు కారులో ఏసీ ఆపి వెళ్లడం మంచిది.

యూవీ ఫిల్టర్ పెట్టేస్తే ఈ బాధ ఉండదు కదా?

ఇసుక, ఉప్పు తుంపర ఎగిరే చోట పెట్టడం సమంజసమే. మిగిలిన రోజుల్లో నేను పెట్టను. పొడవైన ఫోకల్ లెంత్ దగ్గర చవక ఫిల్టర్ స్పష్టతను తగ్గించడం తేలికగా కనిపిస్తుంది, ఎదురు వెలుగులో అదనపు మెరుపులు వస్తాయి, పైగా తుడవవలసిన ఉపరితలాలు ఒకటికి మూడవుతాయి. హుడ్ ఎప్పుడూ తగిలించి ఉంచడం వేలిముద్రల నుంచి, కొమ్మల నుంచి, చినుకుల నుంచి కాపాడుతుంది. 600 మి.మీ. ఎఫ్ 4 వంటి లెన్సుల ముందు భాగానికి మామూలు ఫిల్టర్ ఎలాగూ పట్టదు, అక్కడ హుడ్డే దిక్కు.

ప్రతి ఫోటోలో ఒకే చోట నల్లటి చుక్క వస్తోంది. ముందు గాజుదేనా?

కాదు, అది కెమెరా లోపల ఫోటోను పట్టే సెన్సర్ మీది దుమ్ము. ఎఫ్ 16 దగ్గర, అంటే లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఆకాశాన్ని తీసి చూడండి, లెన్స్ మార్చినా చుక్క అక్కడే ఉంటుంది.

గాజు వెనక సాలెగూడులాంటి తెల్లటి దారాలు కనిపిస్తున్నాయి. ఎంత తుడిచినా పోవడం లేదు.

అది లోపల పట్టిన బూజు. బయట నుంచి తుడిస్తే పోదు, లెన్స్ విప్పడం ఇంట్లో చేయదగిన పని కాదు. వెంటనే మిగిలిన లెన్సుల నుంచి వేరు చేసి, నిపుణుల చేతికి ఇవ్వండి. ఆలస్యమైతే బూజు పూతను శాశ్వతంగా తినేస్తుంది. రాకుండా చూసుకోవడం దానికన్నా సులభం. వానాకాలంలో లెన్స్‌ను తోలు సంచిలోనో, బీరువాలో బట్టల మధ్యనో నెలల తరబడి ఉంచకండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై కేబినెట్ గానీ, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ గానీ సరిపోతుంది. తేమ పీల్చి రంగు మారిన జెల్‌ను వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఇప్పటికే గీత పడింది. లెన్స్ పాడైపోయినట్టేనా?

కాదు. ఒకటి రెండు సన్నని గీతలు దుమ్ములాగే ఫోటోలో కలిసిపోతాయి. గీతను మాయం చేస్తామనే పాలిష్ ముద్దలు, టూత్‌పేస్టు దగ్గరకు మాత్రం పోకండి. అవి గీత చుట్టూ ఉన్న మంచి పూతను కూడా అరగదీసి, సన్నని గీతను వెడల్పాటి మసకగా మారుస్తాయి. లోతైన గీత మీద తీవ్రమైన వెలుగు పడి మెరుపు వస్తుంటే, దానికి నల్లటి సిరా నింపడం పాత పద్ధతి. అది కూడా చేయి స్థిరంగా ఉన్నవారితో చేయించవలసిన పనే. అమ్మేటప్పుడు గీత గురించి కొనేవారికి ముందే చెప్పి, టార్చి వెలుగులో తీసిన ఫోటో చూపించండి.

పులికాట్‌లో గీతలు పడ్డ ఆ లెన్సునే నేను ఇప్పటికీ వాడుతున్నాను. సూర్యుడు ఫ్రేము అంచు దాకా వచ్చేంత కిందకు దిగినప్పుడు మాత్రం ఫోటో ఎడమ అంచున పలచటి వెలుగు చారలు పడతాయి, హుడ్ మీద అరచేయి నీడ పట్టి తీస్తే అవి కూడా పోతాయి.